గర్భసంచి తీసేస్తే గండం గడిచినట్టేనా?

ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి దంచుతారు. చుట్టాలకు కబురు పెడతారు. కానీ ఆ పిల్ల బుద్ధిమాంద్యంతో పుట్టినదైతే... ఆ కబురు గుమ్మం దాటదు. నెలనెలా దీన్ని ఎవరు చూస్తారన్న దిగులు ఒకటి. ఎవడి కన్నయినా పడితే ఎలా అన్న భయం ఇంకొకటి. ఈ రెండింటికీ ఒక్క ఆపరేషనే విరుగుడని నమ్మే కన్నవాళ్లు మన మధ్య ఉన్నారు. నిజంగా అది విరుగుడేనా?

తల్లీకూతుళ్లు డాక్టరు గదిలోకి వస్తారు. కూతురికి పదమూడేళ్లుంటాయి. బల్ల మీదున్న రంగు పెన్నులను చూసి నవ్వుతూ చెయ్యి చాపుతుంది. తల్లి ఆ చేతిని వెనక్కి లాగి, కుర్చీ అంచున కూర్చుంటుంది. 'ఏమ్మా, ఏంటి ఇబ్బంది?' అని డాక్టరమ్మ అడిగినా వెంటనే నోరు పెగలదు. తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అంటుంది.

'దీనికి ఆ సంచి తీసేయండి మేడమ్. మీకు పుణ్యం ఉంటుంది.'

ఆడవాళ్ల డాక్టర్లకు ఈ మాట కొత్త కాదు. ఊరు మారొచ్చు, ఆస్తి అంతస్తులు మారొచ్చు. కూతురి సమస్య పేరు డౌన్ సిండ్రోమ్ కావచ్చు, ఆటిజమో సెరిబ్రల్ పాల్సీయో కావచ్చు. తల్లి అడిగేది మాత్రం ఇదే.

అలా అడిగిన తల్లి రాతిగుండె మనిషేం కాదు. ఆ అయిదు రోజులూ ఆ ఇంట్లో ఉండి చూస్తే తెలుస్తుంది. ప్యాడ్ పెట్టిన పది నిమిషాలకే పిల్ల దాన్ని పీకి అవతల పారేస్తుంది. మరకైన గౌనుతోనే హాల్లోకి వస్తుంది. అక్కడ తాతయ్య ఉంటాడు, తమ్ముడి స్నేహితులు ఉంటారు. కడుపునొప్పి అని చెప్పడం రాక చెయ్యి కొరుక్కుంటుంది, తల గోడకేసి కొట్టుకుంటుంది. బడివాళ్లు 'ఆ రోజుల్లో పంపకండి' అంటారు. తల్లి ఉద్యోగస్తురాలైతే నెలనెలా సెలవులు. కూలికెళ్లే మనిషైతే ఆ రోజుల కూలి పోయినట్టే. వీటన్నిటికీ మించి రాత్రుళ్లు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఇంకోటి... 'నేను పోయాక ఈ పనులన్నీ ఎవరు చేస్తారు?'

పైగా గర్భసంచి తీయించుకోవడం మన దగ్గర పెద్ద విషయంగా ఎవరికీ తోచదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అక్కకు తీశారు, పిన్నికి తీశారు... పిల్లకు తీస్తే తప్పేంటి అనిపించడం సహజం.

తప్పేంటో తెలియాలంటే ముందుగా ఒక పాత సంగతి చెప్పుకోవాలి.

పుణెలో ఏం జరిగింది?

1994 ఫిబ్రవరి. మహారాష్ట్రలోని పుణె జిల్లా శిరూర్‌లో బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే వసతిగృహం ఉండేది. అక్కడున్నవారిలో పదిమందికి పైగా పుణెలోని ససూన్ ఆస్పత్రికి తీసుకెళ్లి గర్భసంచులు తొలగించారు. వాళ్ల గర్భసంచికి రోగం వచ్చి కాదు. నెలసరి సమయంలో శుభ్రంగా ఉండటం వాళ్లకు చేతకావడం లేదట... అదీ కారణం. సంగతి బయటికి పొక్కగానే మహిళా సంఘాలు భగ్గుమన్నాయి. దేశమంతా గొడవైంది. మిగతావాళ్లకు చేయాలనుకున్న ఆపరేషన్లను ప్రభుత్వం ఆపేయాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. ఒంటికీ రెంటికీ కూడా ఒకరి సాయం కావాల్సిన పిల్లలున్నారు. కాళ్లు తడుపుకొంటున్నారని వాళ్లకు ఎవరైనా మూత్రసంచి తీయిస్తారా? తీయించరు. ఓపిగ్గా అలవాటు చేస్తారు, లేదంటే దగ్గరుండి చూస్తారు. మరి నెలసరి దగ్గరికొచ్చేసరికి కత్తి ఎందుకు గుర్తొస్తోంది? అందులో మైల ఉందనుకుంటాం కాబట్టి. 'దీనికి పెళ్లా పేరంటమా, ఆ సంచి ఉండి ఏం లాభం' అనుకుంటాం కాబట్టి.

పోయేదేమిటి... మిగిలేదేమిటి?

సరే, న్యాయం సంగతి కాసేపు పక్కన పెడదాం. లెక్కే చూద్దాం. గర్భసంచి తీసేస్తే రక్తస్రావం ఆగుతుంది, గర్భం రాదు. ఈ రెండూ నిజమే. కానీ అండాశయాలు లోపలే ఉంటాయి కాబట్టి హార్మోన్లు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. చిరాకు, ఏడుపు, కోరికలు... ఏవీ ఎక్కడికీ పోవు. అండాశయాలు కూడా తీసేస్తే ఇంకా ప్రమాదం. పాతికేళ్లు రాకముందే ముట్లుడిగిన మనిషి అవుతుంది. ఎముకలు గుల్లబారతాయి.

అదీకాక ఇది పెద్ద ఆపరేషన్. మత్తు ఇవ్వాలి. ఇన్‌ఫెక్షన్ భయం, పక్కనున్న మూత్రనాళాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఎవరికైనా ఉంటాయి. నొప్పి ఎక్కడో చెప్పలేని పిల్ల, కుట్ల మీద చెయ్యి వేయకుండా ఉండలేని పిల్లకు అవి ఇంకా ఎక్కువ.

అసలు విషయం ఇంకోటుంది. కన్నవాళ్లు భయపడేది నిజానికి గర్భానికి కాదు, అత్యాచారానికి. గర్భసంచి తీసేస్తే అత్యాచారం ఆగుతుందా? ఆగదు. బయటపడకుండా పోతుంది, అంతే. సుఖరోగాలూ ఆగవు. నోరు లేని పిల్ల విషయంలో ఒక్కోసారి గర్భమే జరిగిన ఘోరానికి సాక్ష్యం. 'దీనికి ఎలాగూ ఏమీ కాదు' అన్న సంగతి చెడ్డవాడి చెవిన పడితే, అది ధైర్యం ఇచ్చేది వాడికే. ఆ చెడ్డవాడు సాధారణంగా ఎక్కడి నుంచో రాడు. ఇంట్లోకి చనువుగా వచ్చిపోయేవాడే అయ్యుంటాడు.

పిల్లలు పుట్టకుండా చేసే మామూలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కీ ఇదే వర్తిస్తుంది. దానివల్ల నెలసరి కూడా ఆగదు.

కాకి కాదు... నెలసరి!

'దీనిది నాలుగేళ్ల పిల్ల బుద్ధండీ, ఏం నేర్పుతాం?' అంటారు చాలామంది. నాలుగేళ్ల పిల్లకు మనం పళ్లు తోముకోవడం నేర్పడంలేదా? నేర్చుకోవడం ఆలస్యమవుతుంది, అంతే. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లల్లో చాలామంది పూర్తిగానో కొంతవరకో తమ నెలసరి తాము చూసుకోగలుగుతారు. కిటుకంతా నేర్పే తీరులో ఉంది.

మొదటి కిటుకు... ముందే మొదలుపెట్టడం. చాతీ పెరగడం మొదలైందంటే నెలసరి ఇంకో రెండు మూడేళ్ల దూరంలో ఉన్నట్టు లెక్క. డౌన్ సిండ్రోమ్ పిల్లలు కూడా దాదాపు అందరు పిల్లల వయసులోనే పెద్దమనుషులవుతారు. కాబట్టి ఎనిమిది, తొమ్మిదేళ్లకే మాట మొదలుపెట్టాలి. ఉన్నట్టుండి రక్తం కనబడితే మామూలు పిల్లే దెబ్బ తగిలిందని హడలిపోతుంది. ఈ పిల్ల సంగతి చెప్పాలా?

రెండోది... ఇంటిల్లిపాదీ ఒకటే మాట వాడటం. అమ్మ 'డేట్' అని, నానమ్మ 'బయట చేరింది' అని, అత్త 'కాకి ముట్టింది' అని అంటే పిల్ల ఏమనుకోవాలి? ఉన్న మాటను ఉన్నట్టే తీసుకునే ఆటిజం పిల్లయితే కిటికీలోంచి కాకిని వెతుకుతుంది. నెలసరి అనండి, పీరియడ్ అనండి. ఒకటే అనండి. 'ఛీ, మైల, ముట్టుకోకు' అన్న మాటలు మాత్రం వద్దు. ఆ రోజుల్లో వేరే మూల కూర్చోబెట్టడం అసలే వద్దు. రోజూ పడుకునే చోటు, తినే కంచం మారితే ఇలాంటి పిల్లలు తల్లడిల్లిపోతారు.

మూడోది... పనిని ముక్కలు చేయడం. ప్యాడ్ మార్చుకోవడం మనకు ఒక్క పని. పిల్లకు అది పది పనులు. తలుపు వేయాలి, లోదుస్తు దించాలి, పాతది తీయాలి, కాగితంలో చుట్టాలి, బుట్టలో వేయాలి, కొత్తదాని అట్ట ఊడదీయాలి, సరిగ్గా అతికించాలి, బట్టలు సర్దుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తలుపు తీయాలి. ఒక్కో పనికి ఒక్కో బొమ్మ గీసి స్నానాలగది గోడకు వరసగా అంటించండి. మొదట్లో తొమ్మిది పనులు మీరు చేసి, చివరిదొక్కటి పిల్లతో చేయించండి. అది వచ్చాక చివరి రెండు. ఇలా చివరి మెట్టు నుంచి పైకి వెళితే ప్రతిసారీ 'పని నేనే పూర్తి చేశాను' అన్న సంతోషం పిల్లకు దక్కుతుంది.

నెలసరి రాకముందే రిహార్సల్ చేయించవచ్చు. రోజుకో అరగంట పొడి ప్యాడ్ పెట్టుకోవడం అలవాటు చేస్తే తర్వాత పీకేయడం తగ్గుతుంది. కుంకుమ నీళ్లు నాలుగు చుక్కలు వేసి 'ఇలా ఉంటే మార్చాలి' అని చూపించొచ్చు. ప్యాడ్ ఎక్కడ అతికించాలో తెలిసేలా లోదుస్తు మీద రంగు దారంతో గీత కుట్టొచ్చు. తడిసిందో లేదో పిల్లకు తెలియకపోతే గడియారాన్నే గురువు చేయండి. టిఫిన్ తర్వాత ఒకటి, భోజనం తర్వాత ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. ప్లాస్టిక్ పొర గరుకు తగిలి గొడవ చేస్తుంటే మెత్తటి గుడ్డ ప్యాడ్‌లో, రక్తాన్ని పీల్చుకునే లోదుస్తులో వాడి చూడండి. గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ దగ్గర ఎర్ర బొట్టుబిళ్ల అతికించండి. వచ్చే నెల ఎప్పుడో మీకూ తెలుస్తుంది, పిల్లకూ తెలుస్తుంది.

ఇవన్నీ ఒంటరిగా తంటాలు పడాల్సిన పనిలేదు. స్నానం, బట్టలు, నెలసరి లాంటి సొంత పనులు నేర్పడం స్పెషల్ ఎడ్యుకేటర్ల చదువులో భాగమే. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోనే ఉంది. ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు.

మందులు ఎప్పుడు? ఏవి?

అన్నీ నేర్పినా కొందరికి కుదరదు. రక్తస్రావం బాగా ఎక్కువ కావచ్చు. నెలసరి రోజుల్లోనే మూర్ఛలు పెరగొచ్చు. వైకల్యం తీవ్రంగా ఉండి అన్నీ ఒకరు చేయాల్సి రావచ్చు. అలాంటప్పుడు మందులతో నెలసరిని తగ్గించడం, కొన్నాళ్లు ఆపడం తప్పేమీ కాదు. కత్తికీ మందుకూ తేడా ఒక్కటే. మందు మానేస్తే శరీరం మళ్లీ తన దారికి తాను వస్తుంది.

అయితే అసలు మొదలుకాకముందే ఆపేయమనడం సరికాదంటారు నిపుణులు. పిల్ల ఎత్తు పెరగడానికి అడ్డం రావచ్చు. పైగా ఊహించుకున్నంత కష్టం నిజంగా ఉండకపోవచ్చు. మొదటి రెండేళ్లు నెలసరి క్రమం తప్పడం మామూలే. గంటకో ప్యాడ్ తడిసినా, ఏడు రోజులు దాటినా మాత్రం ఆలస్యం చేయొద్దు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో థైరాయిడ్ లోపం ఎక్కువ, దానివల్లా అధిక రక్తస్రావం అవుతుంది. ఆటిజం పిల్లలకు ఇచ్చే రిస్పెరిడోన్ వల్ల కొందరికి నెలసరి ఆగిపోతుంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ వల్ల క్రమం తప్పుతుంది. కారణం దొరికితే వైద్యం తేలిక.

కేవలం నొప్పి, ఎక్కువ రక్తస్రావమే సమస్య అయితే ఆ రోజుల్లో మాత్రమే వేసే మెఫెనమిక్ ఆమ్లం, ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలతోనే చాలావరకు సర్దుకోవచ్చు. హార్మోన్ మాత్రలను విరామం లేకుండా వాడి నెలసరిని అరుదుగా వచ్చేలా చేయవచ్చు. కానీ చక్రాల కుర్చీకే పరిమితమైన పిల్లకు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలతో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం చూసుకోవాలి. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటి మూర్ఛ మందులు ఈ మాత్రల బలం తగ్గిస్తాయి. ఈ మాత్రలేమో లామోట్రిజిన్ బలాన్ని తగ్గిస్తాయి. అందుకే మూర్ఛ మందుల చీటీ చూపించకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. పెళ్లికో పూజకో నెలసరి వాయిదా వేసుకోవడానికి మనం వాడే మాత్రలను సొంతంగా పిల్లకు వేయడం అసలే పనికిరాదు.

మూడు నెలలకో ఇంజెక్షన్ ఇంకో దారి. ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో 2017 నుంచి 'అంతర' పేరుతో ఇస్తున్నది ఇదే. మొదట్లో చుక్కలు చుక్కలుగా కనిపించినా, ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి నెలసరి ఆగిపోతుంది. గర్భమూ రాదు. అయితే ఎముకల బలం తగ్గుతుంది, కొందరు బరువు పెరుగుతారు. నడవలేని పిల్లను ఎత్తి దించే తల్లికి ఆ బరువు కూడా లెక్కే.

హార్మోన్ విడుదల చేసే పరికరాన్ని గర్భసంచిలో అమర్చడం మరో మార్గం. అయిదేళ్లు, ఆపైన కూడా పనిచేస్తుంది, రక్తస్రావం బాగా తగ్గుతుంది. ఇలాంటి పిల్లలకు మత్తు ఇచ్చి అమర్చాల్సి రావచ్చు. మామూలు కాపర్-టీ వేరు, దానివల్ల రక్తస్రావం పెరుగుతుంది. వీటిలో ఏదీ అందరికీ సరిపోదు. పిల్లకు ఏది నప్పుతుందో స్త్రీ వైద్యురాలూ మూర్ఛ మందులిచ్చే డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు...

* రెండు మూడు నెలలు తేదీలు, రోజుకు ఎన్ని ప్యాడ్‌లు మార్చారో రాసిపెట్టుకోండి.
* చెయ్యి కొరుక్కోవడం, తల బాదుకోవడం, తిండి మానేయడం... ఏ రోజున చేస్తోందో రాయండి. అది మొండితనం కాదు, నొప్పి కావచ్చు.
* మూర్ఛ వచ్చిన తేదీలు విడిగా గుర్తుపెట్టండి.
* వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి.
* పిల్ల ఎదుట, పిల్లకు అర్థమయ్యే మాటల్లో మాట్లాడమని డాక్టరును అడగండి.

కాపాడేది కత్తి కాదు

'మా పిల్ల ఎవరేం చెప్పినా వింటుందండీ' అని మురిసిపోతాం. ఆ మంచితనమే ఒక్కోసారి పిల్లకు శత్రువు. వద్దనడం కూడా నేర్పాలి. ఒంట్లో ఏ భాగాలు తనవి మాత్రమేనో పేర్లతో సహా చెప్పాలి. ప్యాడ్ మార్చడానికి, స్నానం చేయించడానికి ఎవరెవరు సాయం చేయొచ్చో ఇద్దరు ముగ్గురిని తేల్చి, వాళ్ల ఫొటోలు చూపించి చెప్పండి. ఇంకెవరు వచ్చినా అరవమనండి. ఉన్నట్టుండి ఒక మనిషిని చూసి బెదిరినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా తేలిగ్గా తీసుకోవద్దు.

జరగరానిది జరిగితే పరువు కోసం దాచొద్దు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. పిల్ల వైకల్యాన్ని ఆసరాగా తీసుకున్నవాడికి శిక్ష మరింత ఎక్కువ. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం వైకల్యం ఉన్న స్త్రీపై అత్యాచారానికి కనీసం పదేళ్ల కఠిన శిక్ష. ఫిర్యాదు రాసుకోవడానికి పోలీసులే ఇంటికి రావాలి, స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం ఇవ్వాలి, వీడియో తీయాలి. ఏ ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. గర్భం రాకుండా వేసే అత్యవసర మాత్ర 72 గంటల్లోపు వేయాలి, ఎంత త్వరగా వేస్తే అంత మంచిది.

సంతకం ఎవరిది?

2009లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. చండీగఢ్‌లోని ప్రభుత్వ ఆశ్రమంలో బుద్ధిమాంద్యం ఉన్న ఒక యువతి అత్యాచారానికి గురై గర్భవతి అయింది. గర్భం తీసేయమని హైకోర్టు ఆదేశించింది. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. ఆమె ఇష్టం లేకుండా గర్భం తీయకూడదని, బిడ్డను కనాలా వద్దా అన్నది వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు తేల్చింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. పిల్లలు పుట్టే అవకాశాన్ని పోగొట్టే ఏ వైద్యమైనా ఆ మనిషి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఒప్పుకుంటేనే చేయాలంటుంది 10వ సెక్షన్. ఒప్పుకోవాల్సింది వైకల్యం ఉన్న మనిషి. గర్భనిరోధం గురించిన సమాచారం వాళ్లకు అందేలా చూడటం ప్రభుత్వం బాధ్యత అనీ అదే సెక్షన్ చెబుతోంది. వైకల్యం స్వల్పంగా ఉన్న అమ్మాయి రేపు ఒకరిని ఇష్టపడొచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. అప్పుడు ఏ పద్ధతి వాడాలో ఆ అమ్మాయినీ కూర్చోబెట్టుకుని మాట్లాడాలి.

మళ్లీ ఆ గదిలోకే వద్దాం. 'నేను పోయాక ఎవరు చూస్తారు?' అన్న తల్లి ప్రశ్న అలాగే ఉంది. ఆపరేషన్ చేయించినా ఆ ప్రశ్న పోదు. తల్లి తర్వాత పిల్ల అక్క దగ్గరున్నా, వదిన దగ్గరున్నా, హాస్టల్లో ఉన్నా... స్నానం, బట్టలు, ప్యాడ్... వీటిలో సగమైనా సొంతంగా చేసుకోగలిగితే చూసేవాళ్లకు చులకన కాదు. పరాయి చేతులు ఎంత తక్కువ తగిలితే పిల్ల అంత క్షేమం. కన్నవాళ్లు ఇచ్చి వెళ్లగలిగే ఆస్తి అదే.

అది ఇవ్వడం తల్లి ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. క్యాలెండర్లో తేదీ గుర్తుపెట్టుకోవడం, ప్యాడ్‌లు కొనుక్కురావడం, ఆ అయిదు రోజులు వంటపని అందుకోవడం నాన్నా చేయొచ్చు. 'ఆ రోజుల్లో పంపకండి' అన్న బడి, 'ఆ రోజుల్లో తప్పక పంపండి, మేం నేర్పుతాం' అనొచ్చు. తల్లి భుజం మీద బరువు కాస్త తగ్గితే, ఆమెకు ఆపరేషన్ గది వైపు చూడాల్సిన పనే రాదు.

ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఒక నెల, అమ్మ చెప్పకముందే పిల్ల వెళ్లి క్యాలెండర్ మీద ఎర్ర బొట్టుబిళ్ల తనే అంటిస్తుంది. కాస్త వంకరగానే అంటించినా సరే. ఆ రోజు చిమ్మిలి దంచండి.